టి.నగర్‌లోని ఆ ‘టి’... మన త్యాగరాయ శెట్టి

ఇంట్లో పెళ్లి కుదిరిందంటే చాలు, హోసూరు నుంచి తిరుత్తణి దాకా మనవాళ్లు చెన్నై బస్సెక్కేస్తారు. చిత్తూరు, నెల్లూరు నుంచి అయితే పొద్దున్నే రైలు. అందరూ పోయేది ఒక్కచోటికే, టి.నగర్. సాయంత్రానికి చేతుల నిండా సంచులు. ప్రతి సంచి మీదా పెద్ద అక్షరాల్లో కొట్టు పేరు, కింద చిన్న అక్షరాల్లో చిరునామా, ఆ చిరునామాలో ఒంటరిగా ఒక ‘టి’. అదేదో తమిళ పేరనుకునేవాళ్లు చాలామందే. సంగీతం తెలిసినవాళ్లయితే తిరువయ్యారు త్యాగరాజస్వామి పేరేమో అనుకుంటారు. రెండూ కాదు.

ఆయన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటి మనిషి. కులవృత్తి నేత. జస్టిస్ పార్టీ పెట్టిన ముగ్గురిలో ఒకరిగా, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఆయన గురించి చరిత్ర పుస్తకాల్లో ఉంది. అయితే రాజకీయాల కంటే ముందు ఆయన బట్టల మనిషి. మగ్గాలు, తానులు, రుమాళ్లు, బేరాలు, ఇదీ ఆయన లోకం. దక్షిణాదిలోకెల్లా పెద్ద బట్టల బజారుకు ఒక నేత వ్యాపారి పేరు ఉండటం కాకతాళీయమే. కాకతాళీయమైనా కుదిరిన పేరు.

పుట్టింది 1852లో. పెరిగింది, వ్యాపారం చేసింది ఉత్తర మద్రాసులో, కొరుక్కుపేట, వాషర్‌మన్‌పేట వైపు. వాషర్‌మన్‌పేట అన్న పేరే బట్టల వ్యాపారం వల్ల వచ్చింది. ఈస్టిండియా కంపెనీ కొన్న నేతబట్టను ఉతికి, చలువ చేసి ఓడ ఎక్కించడానికి సిద్ధం చేసే చాకళ్లు ఉండే పేట అది. నేతగాళ్లు, అద్దకం వాళ్లు, దళారులు అంతా ఆ చుట్టుపక్కలే. తెలుగు అక్కడ పరాయి భాష కాదు, బజారు భాషల్లో ఒకటి.

1876లో ప్రెసిడెన్సీ కాలేజీలో బీఏ పాసయ్యారు. ఆ రోజుల్లో బీఏ అంటే సర్కారు కొలువు చేతిలో ఉన్నట్టే. త్యాగరాయ శెట్టి మాత్రం ఇంటి వ్యాపారంలోకే దిగారు. నేతతోపాటు తోళ్ల వ్యాపారం కూడా ఉండేది. సుమారు 100 మగ్గాలు ఒకేచోట పెట్టి నేయించారు. చేత్తో నాడె విసిరే పాత పద్ధతి పక్కనబెట్టి, తాడు లాగితే దానంతట అదే పరిగెత్తే నాడెను మద్రాసులో ముందుగా వాడినవాళ్లలో ఆయన ఒకరు. చదువుకున్నవాడు మగ్గం గుంటలోకి తొంగిచూడటమే నామోషీగా భావించే కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

ఆయన మగ్గాల మీద తయారైన సరుకుల్లో ముఖ్యమైంది మద్రాసు రుమాలు. రుమాలు అంటే ఇప్పుడు జేబులో పెట్టుకునే చేతిగుడ్డ అనుకోవద్దు. గజం చదరం ఉండే గళ్ల బట్ట. ఎరుపు, నీలం, పసుపు గళ్లతో తానుగా నేసి ఓడల్లో పశ్చిమ ఆఫ్రికాకు పంపేవారు. ఇప్పటి నైజీరియా ప్రాంతంలో ఆ బట్టకు ఎంత గిరాకీ అంటే, అక్కడి కలబరి జాతివాళ్లకు పెళ్లయినా చావయినా ఇది ఉండాల్సిందే. చీరాల చుట్టుపక్కల మగ్గాలన్నీ ఈ రుమాళ్ల మీదే బతికిన కాలం ఉంది. చిత్రం ఏమిటంటే నేసిన ఊళ్లలో దాన్ని కట్టుకునేవాళ్లు తక్కువ. ఊరి కొట్లో అమ్ముడుపోయే సరుకు కాదది.

మరి అప్పటి మద్రాసులో కొట్లు ఎలా ఉండేవి? రెండు రకాలు. ఒకటి కోటకు ఉత్తరాన బ్లాక్ టౌన్, తర్వాత పేరు మార్చి జార్జ్ టౌన్ అన్నారు. అక్కడ వీధికో సరుకు. గోడౌన్ వీధిలో బట్టలు, దేవరాజ మొదలి వీధిలో గాజులూ అద్దాలూ, ఇలా. బట్టల కొట్లో కుర్చీలుండవు. నేల మీద తెల్లటి పరుపు, ఆనుకోవడానికి దిండు, ముందు పద్దుల పెట్టె. చెప్పులు బయట విడిచి ఎక్కి కూర్చోవాలి. తానులు ఒక్కొక్కటే విప్పి ఒడిలో పరుస్తారు. ధర రాసిపెట్టి ఉండదు, బేరం జరిగే కొద్దీ తేలుతుంది. డబ్బు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు, పద్దు రాస్తే చాలు. కూరగాయలకు కొత్తవాలు చావడి. ఆ స్థలం మన కోమట్ల కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది. 1996లో మార్కెట్ కోయంబేడుకు తరలిపోయేదాకా నగరమంతా అక్కడి కూరలే తింది.

రెండోది మౌంట్ రోడ్డు. దొరల కొట్లు అక్కడ. స్పెన్సర్స్, వాచీలకు పి.ఆర్ అండ్ సన్స్, పుస్తకాలకు హిగిన్‌బాథమ్స్, కోట్లూ టోపీలకు వైట్‌అవే లెయిడ్‌లా. గాజు కిటికీల్లో సరుకు పెట్టి, ధర చీటీ తగిలించి అమ్మేవారు. బేరం లేదు. మామూలు జనం బయట నిలబడి చూసి పోవడమే. ఆ వైట్‌అవే భవనం ఇప్పటికీ ఉంది. తర్వాతి కాలంలో కిస్తీల మీద ఇంటి సామాను అమ్మి ఇంటింటికీ తెలిసిన వీజీపీ వాళ్లది అయింది. దొరలకు మాత్రమే అనుకున్న చోటే నెలనెలా ఇంతని కట్టి ఫ్యాను, రేడియో కొనుక్కునే జనం నిండారు.

ఈ రెండు బజార్ల మధ్యా తిరిగిన మనిషి త్యాగరాయ శెట్టి. 1882లో కార్పొరేషన్‌లో అడుగుపెట్టి దాదాపు 40 ఏళ్లు అక్కడే ఉన్నారు. సెంట్రల్ స్టేషన్ పక్కన ఎర్రటి మూర్ మార్కెట్ 1900లో తెరిచింది ఆయన కౌన్సిలర్‌గా ఉన్న కాలంలోనే. పాత పుస్తకాల దగ్గర్నుంచి పావురాల దాకా అన్నీ దొరికే ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది. మద్రాసులో చదువుకున్న పెద్దవాళ్లనెవరినైనా కదిపి చూడండి, అక్కడ కొన్న సెకండ్ హ్యాండ్ పుస్తకం గురించి తప్పక చెప్తారు. దేశీ వర్తకులకంటూ ఒక సంఘం ఉండాలని 1909లో పెట్టిన దక్షిణ భారత వర్తక మండలిలోనూ ఆయన ముందున్నారు. 1919లో కార్పొరేషన్ అధ్యక్షుడయ్యారు. ఎన్నికై ఆ కుర్చీలో కూర్చున్న మొదటి అనధికారి ఆయనే.

వేషం మాత్రం మార్చలేదు. తెల్ల పంచె, తెల్ల కోటు, తెల్ల తలపాగా. తమిళులు ఆయన్ని వెళ్లుడై వేందర్ అన్నారు, అంటే తెల్లబట్టల దొర. బట్టల వ్యాపారి ఒంటి మీద రంగు బట్ట లేకపోవడం గమ్మత్తే.

రాజకీయాలు మళ్లీ వివరంగా చెప్పక్కర్లేదు. మొదట కాంగ్రెస్‌లో ఉన్నారు. 1916లో డాక్టర్ టి.ఎం.నాయర్, డాక్టర్ నటేశ మొదలియార్‌లతో కలిసి జస్టిస్ పార్టీ పెట్టారు. మైలాపూరు కపాలీశ్వరుడి గుడి కుంభాభిషేకానికి 10 వేలు చందా ఇచ్చి కూడా పై మెట్టు మీదికి రానివ్వకపోవడం ఆయన మనసులో నాటుకుందని చెప్తారు. పార్టీకి ఇంగ్లిష్‌లో జస్టిస్, తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్ర ప్రకాశిక పత్రికలుండేవి. మూడు భాషల పార్టీ అన్నమాట. 1920 ఎన్నికల్లో గెలిచాక గవర్నర్ విల్లింగ్‌డన్ మంత్రివర్గానికి నాయకత్వం వహించమని పిలిస్తే వద్దన్నారు. కడలూరు సుబ్బరాయలు రెడ్డియార్‌ను ముందుకు పంపారు, ఆ తర్వాత పానగల్లు రాజా వచ్చారు. ఇద్దరూ తెలుగు ఇళ్లవాళ్లే. కార్పొరేషన్ కుర్చీ మాత్రం త్యాగరాయ శెట్టి వదల్లేదు. అదే 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించారు. తలకు రోజుకు అణా మించకూడదని లెక్క. వ్యాపారి లెక్కే, అయినా పిల్లలు తిన్నారు.

ఒక్క విషయం మాత్రం దాటేయడం కుదరదు. 1921లో చీరాల-పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు మాకొద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి రామనగర్ పాకల్లో ఉన్నారు. వాళ్లలో ఎందరో నేతగాళ్లు, ఈ రుమాళ్లు నేసేవాళ్లే. అప్పుడు మద్రాసులో అధికారం ఎవరిది? త్యాగరాయ శెట్టి నాయకుడుగా ఉన్న పార్టీది. స్థానిక పాలన చూసే మంత్రి పానగల్లు రాజా. మునిసిపాలిటీ వీళ్లు పెట్టింది కాదు, అంతకు ముందు నుంచే ఉంది. అయినా తీసేసే అధికారం ఉండి తీసేయలేదు. నేత ఇంట్లో పుట్టిన నాయకుడి పార్టీ నేతగాళ్లకు అడ్డం తిరిగినట్టయింది. ఆయన్ని పొగిడేవాళ్లు ఈ మాట ఎత్తరు.

ఇక టి.నగర్ సంగతి. అప్పటికి అది ఊరే కాదు, మాంబళం పక్కన చెరువు. నుంగంబాకం నుంచి సైదాపేట దాకా సాగిన పెద్ద చెరువులో నీళ్లు తీసేసి, పూడ్చి, 1923 నుంచి ప్లాట్లు వేశారు. 2015 డిసెంబరు వానల్లో టి.నగర్ వీధుల్లో నీళ్లు నిలిచాయంటే వింత లేదు మరి. మధ్యలో పార్కు, చుట్టూ వీధులు, చెట్లు. ఇళ్ల కోసం వేసిన పేట అది, కొట్ల కోసం కాదు. జస్టిస్ పార్టీ పాలన కదా, పేర్లన్నీ వాళ్లవే. పార్కుకు పానగల్లు రాజా, రోడ్లకు ఉస్మాన్, నాయర్, జి.ఎన్.చెట్టి. మొత్తం పేటకు త్యాగరాయ. 1925లో ఆయన కన్నుమూశారు. ఆ పేట నిండటం చూడలేదు.

1928లో కంచి నేత కుటుంబానికి చెందిన నల్లి చిన్నసామి శెట్టి పానగల్ పార్కు ఎదుట చిన్న పట్టుచీరల కొట్టు పెట్టారు. అంతకు ముందు కంచి చీరలు మూటగట్టుకొచ్చి మద్రాసులో ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. కొట్టు పెట్టేనాటికి చుట్టూ సగం ఖాళీ జాగా. త్యాగరాయ పేరున్న చోటికి మొదట వచ్చిన పేరున్న కొట్టు కూడా నేతగాడిదే. ఆ తర్వాత సినిమా జనం దిగారు. ఘంటసాల ఇల్లు ఉస్మాన్ రోడ్డులో, ఎన్టీఆర్ ఇల్లు బజుల్లా రోడ్డులో. తెలుగు సినిమా హైదరాబాదు వెళ్లిపోయింది, కొట్లు మాత్రం పెరిగాయి.

రైల్వే స్టేషన్‌ను ఆనుకున్న రంగనాథన్ వీధిలో గిన్నెల కొట్టుగా మొదలైంది కాస్తా అంతస్తుల మీద అంతస్తులు లేచి, గుండుసూది నుంచి బంగారం దాకా ఒకే గొడుగు కిందికి వచ్చింది. పరుపు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే షావుకారు పోయి, యూనిఫాం వేసుకున్న పిల్లలు వచ్చారు. తిరునల్వేలి వైపు నుంచి పనికొచ్చిన ఆ పిల్లలు పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉండేవారు. అంగడి తెరు అనే తమిళ సినిమా 2010లో వచ్చింది వాళ్ల మీదే. కూర్చునే హక్కు కోసం తమిళనాడు ప్రభుత్వం 2021లో చట్టం చేయాల్సి వచ్చింది. గోడౌన్ వీధిలో షావుకారు, గుమాస్తా, గిరాకీ ముగ్గురూ కింద కూర్చున్న రోజులకు, దీనికీ ఎంత తేడా! 2017 మే 31న ఉస్మాన్ రోడ్డులో ఏడంతస్తుల బట్టల భవనం ఒకటి తగలబడి, చివరికి కూల్చేయాల్సి వచ్చింది.

ఇప్పటికీ బేరం ఆడాలంటే పాండీ బజారు ఉంది. ఈ పేరు కూడా పాండిచ్చేరి వల్ల వచ్చింది కాదు, జస్టిస్ పార్టీ సౌందరపాండియన్ వల్ల వచ్చింది. అక్కడ పేవ్‌మెంట్ మీద గాజులు, క్లిప్పులు, జాకెట్టు ముక్కలు అమ్మేవాళ్లను 2013లో కార్పొరేషన్ కట్టిన కాంప్లెక్సులోకి పంపారు. 2019లో నడిచేవాళ్లకోసం పేవ్‌మెంట్‌ను వెడల్పు చేశారు.

త్యాగరాయ శెట్టి సొంత పేటకు వెళ్తే అక్కడ ఇంకో బజారు. పాత వాషర్‌మన్‌పేట ఎం.సి. రోడ్డు. రోడ్డుకు రెండు వైపులా చీరలు, రెడీమేడ్ కొట్లు. ఊళ్లలో చిన్న కొట్లు నడిపేవాళ్లు, ఇంట్లోనే చీరలు పెట్టుకుని అమ్మే ఆడవాళ్లు సరుకు కొనేది ఇక్కడే. బోర్డులు తమిళంలో ఉన్నా తెలుగులో అడిగితే తెలుగులోనే ధర చెప్పే కొట్లు ఇక్కడ తక్కువేం కాదు. టి.నగర్‌లో ఏసీ ఖర్చు కూడా మనమే కడతాం, ఇక్కడ ఆ బెడద లేదు. పెళ్లివారికి పెట్టుబడి చీరలు పాతికో యాభయ్యో కావాలంటే ఇటు రావడమే మేలు.

ఆయన పేరు మీద కాలేజీ ఆ దగ్గర్లోనే ఉంది. 2021 ఫిబ్రవరిలో మెట్రో అక్కడిదాకా వచ్చింది, స్టేషన్‌కు సర్ త్యాగరాయ కాలేజీ అని పేరు పెట్టారు. ఇక్కడ పేరు పూర్తిగా రాశారు, ఒక్క ‘టి’తో సరిపెట్టలేదు. అక్కడ రైలెక్కితే సెంట్రల్, థౌజండ్ లైట్స్ మీదుగా మారకుండా తేనాంపేట వెళ్లొచ్చు. దిగాక ఆటో మాట్లాడుకుంటే పానగల్ పార్కు ఎంతో దూరం లేదు.