స్వచ్ఛంద సేవకు ప్రణాళికలో పద్దు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషి

రెండు వేల కోట్ల రూపాయలకు పైబడిన మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆనకట్టలు, సేద్యం, రైల్వేల కేటాయింపుల సరసన 4 కోట్ల రూపాయల చిన్న పద్దు ఒకటి చోటు చేసుకుంది. మహిళలు, శిశువులు, వికలాంగుల సంక్షేమానికి పాటుపడే స్వచ్ఛంద సంస్థలకు తోడ్పాటుగా ఉద్దేశించిన మొత్తమది. ఆ సొమ్మును ఎవరికి, ఏ షరతులపై ఇవ్వాలన్న సమస్యను పరిష్కరించే బాధ్యత ప్రణాళికా సంఘ సభ్యురాలు దుర్గాబాయిపై పడింది. 1952 సార్వత్రిక ఎన్నికలలో లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయిన తరువాత ఆమె ఆ పదవిలో నియమితులయ్యారు. ఆ ఓటమి దేశానికి మేలే చేసిందనాలి.

1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదవ ఏట వివాహమైంది. యుక్తవయస్సు రాగానే ఆమె ఆ బంధాన్ని నిరాకరించగా కుటుంబం ఆమె పక్షాన నిలిచింది. ఆంగ్ల మాధ్యమానికి నిరసనగా బడి మానివేసి, బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన ఈ బాలిక, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి అనుమతించలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతే ఆయన ప్రవేశించారు. ఈ ఉదంతాన్ని ధైర్యానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. నియమం ఎవరికైనా ఒకటేనన్న పట్టుదల అందులో అంతకంటె ముఖ్యం.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో 1930, 1933 మధ్య ఆమె మూడు పర్యాయాలు జైలుకు వెళ్లారు. చదువులేక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను అక్కడ చూశారు. విడుదలైన పిదప ఆగిన చదువును తిరిగి అందుకుని కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో రాజనీతి శాస్త్రం, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు. చదువు నడుమ ఆపివేసిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేయడం సభ తొలి కార్యక్రమాలలో ఒకటి. చందాలు, విరాళాలు పోగుచేసి సంస్థను నిలబెట్టడంలోని కష్టం ఆమెకు ఇక్కడే అనుభవమైంది.

రాజ్యాంగ సభలో అధ్యక్ష ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమె. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి, రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నర్ చింతామణ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పాటై, తొలి అధ్యక్ష బాధ్యతలు ఆమెకు దక్కాయి. సంస్థలు తమ వంతు సొమ్ము సమకూర్చుకుంటే దానికి తోడుగా గ్రాంటు ఇవ్వడం బోర్డు అనుసరించిన పద్ధతి. ప్రజల చేయూత లేని సేవ సర్కారు ఉద్యోగంగా మారిపోతుందన్న జాగ్రత్త ఇందులో కనిపిస్తుంది.

అయితే చిక్కు కూడ ఇక్కడే వచ్చింది. తమ వంతు చెల్లించగల సంఘాలు ఎక్కువగా పట్టణాలలోనే ఉన్నాయి. పల్లెలలో సంస్థలే లేనపుడు గ్రాంటు ఎవరికి? దరిమిలా 1954లో బోర్డు స్వయంగా సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ప్రారంభించింది. ఒక్కొక్కటి సుమారు 25 గ్రామాలకు బాలవాడీలు, ప్రసూతి సహాయం, వయోజన విద్య, చేతిపనుల శిక్షణ అందించేందుకు ఉద్దేశించినది. స్వచ్ఛంద సేవను ప్రోత్సహించేందుకు పుట్టిన ప్రభుత్వ సంస్థ తానే సేవకు దిగవలసి రావడం ఒక వైరుధ్యమే. పేద గ్రామాలను వదిలివేయడం కంటె అది మేలని ఒప్పుకోక తప్పదు.

ఈ ప్రాజెక్టులకు గ్రామసేవికలు, దాయిలు, బాలవాడీ ఉపాధ్యాయినులు కావలసివచ్చారు. పల్లెలలో చదువుకున్న స్త్రీలు అరుదు. మద్రాసులో సుమారు ఇరవై ఏళ్ల నాడు చేసిన ప్రయోగానికి దగ్గరి మార్గాన్నే బోర్డు ఎంచుకుంది. చదువు మానిన వయోజన స్త్రీలకు కొద్దికాలంలోనే పరీక్షలు పూర్తి చేయించే సంక్షిప్త కోర్సులను 1958లో ప్రవేశపెట్టింది. వితంతువులకు, భర్తలు విడిచిన స్త్రీలకు ఇది బ్రతుకుతెరువు మార్గమైంది. బాలికా విద్యపై అదే ఏడాది ఏర్పడిన జాతీయ సంఘానికి కూడ ఆమే అధ్యక్షత వహించారు.

1962లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలి స్థాపనకు పూనుకున్నారు. హైదరాబాదులో మహిళా సభ శాఖలు ఆసుపత్రి, కళాశాలలు, అక్షరాస్యతా కేంద్రంగా విస్తరించాయి. 1975లో దంపతులిద్దరికీ పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. మరుసటి సంవత్సరం చింతామణ్ దేశ్‌ముఖ్ మరణించారు. 1953లో చైనా పర్యటించి వచ్చినప్పటి నుంచి ఆమె కోరుతూ వచ్చిన కుటుంబ న్యాయస్థానాలకు పార్లమెంటు చట్టం 1984లో వచ్చింది.