దత్త మండలాల దొర థామస్ మన్రో



గుత్తిలో రైలు దిగేవారికి కోట కొండ చాలా దూరం నుంచే కనిపిస్తుంది. ఆ కొండ పాదాన దొరల కాలపు సమాధుల తోట ఒకటి ఉంది. అందులో ఒక సమాధి కింద ఎవరూ లేరు. 1827 జూలైలో అక్కడ పూడ్చిన దేహాన్ని 1831లో తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయానికి తరలించారు. ఆ దేహం సర్ థామస్ మన్రోది. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున తాతగారి నాటి పట్టా కాగితం ఉంటే, ఈ మనిషికీ మీ ఇంటికీ కొంత సంబంధం ఉన్నట్టే. అందుకే ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడి స్వతంత్రం ప్రకటించుకోవడంతో ఆ వ్యాపారం కూలిపోయింది. చూశారా, ఒక దేశం పుట్టుక ఇంకొక దేశంలోని ఇంటిని ఎలా దివాలా తీయించిందో! చదువుకోవలసిన వయసులో కుర్రవాడు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో ఓడ దిగాడు. వచ్చీ రాగానే హైదరాలీతో యుద్ధం. జీతంలో కొంత మిగిల్చి తల్లిదండ్రులకు పంపేవాడు.

తక్కిన దొరల్లా దుబాసీల మీద ఆధారపడకుండా ఈ దేశపు భాషలు నేర్చుకోవడమే ఆయన బతుకును మలుపు తిప్పింది. 1792లో టిప్పు సుల్తాను నుంచి కంపెనీకి వచ్చిన బారామహల్‌లో, అంటే నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతంలో, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు పని నేర్చుకున్నాడు. అక్కడ ఏడేళ్ళు ఊరూరా తిరిగాడు. 1799లో కొంతకాలం కెనరా తీరంలో పనిచేశాడు.

1800లో నిజాం నవాబు తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు వైపు కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అంటే అవే. ఇచ్చినదెవరు, పుచ్చుకున్నదెవరు, మధ్యలో మనల్ని అడిగినదెవరు అని ఆ పేరు వింటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు సూచించేవరకు అదే మన పేరు.

ఆ మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. మకాం పేరుకే! ఏడాదిలో చాలా భాగం డేరాల్లోనే గడిచేది. అప్పట్లో ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్ళు ఉండేవారు. ఎవరి కోట వారిది, ఎవరి బంట్లు వారివి, ఎవరి వసూలు వారిది. మన్రో వారి బలగాలను రద్దు చేయించి, కొందరికి పింఛను కట్టి, ఎదురు తిరిగిన వారిని తరిమేశాడు. ఆ పద్ధతి మరీ కఠినమని లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆ కోపం పాలెగాళ్ళ ఇళ్ళలో చాలాకాలం రగులుతూనే ఉంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు మీకు తెలిసినదే.

పాలెగాడు పోయాక పొలం లెక్క ఎవరు చెప్పాలి? ఇక్కడే మన్రో అసలు పని మొదలైంది. 1802 నుంచి ఊరూరా గొలుసు పట్టించి పొలం పొలమూ కొలిపించాడు. ప్రతి చేనుకూ ఒక నంబరు. నల్లరేగడి ఎంత, ఎర్రనేల ఎంత, చెరువు కింది మడి ఎంత, బావి కింది తోట ఎంత అని తరాలు కట్టించాడు. కరణం లెక్క రాయాలి, రెడ్డి వసూలు చేయాలి, జమాబందీలో రైతు తన పేరిట పట్టా పుచ్చుకోవాలి. సర్కారుకూ రైతుకూ మధ్య జమీందారు ఉండడు. ఇదే రైత్వారీ. బెంగాలులో కారన్‌వాలిస్ జమీందార్లను నిలబెట్టిన కాలంలో ఇక్కడ నాగలి పట్టినవాడి పేరు దస్తరంలోకి ఎక్కింది.

ఇంతవరకు వింటే మేలే అనిపిస్తుంది. కానీ శిస్తు ఎంతో వినండి. పండిన పంటలో నూటికి 45 వంతులు సర్కారు భాగమనే లెక్క మీద తరం కట్టారు. అదీ ధాన్యంగా కాదు, రొక్కంగా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పాత రోజుల్లో కళ్ళంలో పంట పంచుకునే చోట పంట పోతే సర్కారు వాటా కూడా పోయేది. రొక్కం శిస్తుకు ఆ సంగతి పట్టదు. మాఫీ కావాలంటే దొరవారి దయ ఉండాలి. పైగా ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటులో నూటికి 10 వరకు ఊరిలోని తక్కిన రైతులు భరించాలన్న నిబంధన. 1803లో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడు అతివృష్టికి చెరువు కట్టలు తెగాయి. అయినా ఏడేళ్ళలో కంపెనీ వసూలు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఆ పెరుగుదలలో మన ముత్తాతల చెమట ఎంతో మీరే ఊహించుకోండి.

మన్రోకు ఇది తెలియక కాదు. తాను కట్టిన తరం ఈ నేల మోయలేదని ఆయనే గ్రహించాడు. 1807 ఆగస్టులో, ఇంగ్లండు వెళ్ళబోయే ముందు, శిస్తును నాలుగో వంతు తగ్గించాలనీ, చెరువు, బావి భూములకు ఇంకా 8 వంతులు తగ్గించాలనీ రాశాడు. అప్పుడు సర్కారు భాగం మూడో వంతుకు దిగుతుంది, రైతుకు అమ్ముకోదగిన ఆస్తి మిగులుతుంది అన్నది ఆయన వాదం. పైవారు ఒప్పుకోలేదు. పైగా రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్ళను గుత్తకు ఇచ్చారు, మొదట మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు. గుత్తదార్లు రైతును పిండారు, చాలామంది తామూ దివాలా తీశారు.

మన్రో 1814లో తిరిగి వచ్చాడు. 1816 నాటి చట్టాలలో పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలు కలెక్టరు చేతికి రావడం, గ్రామ మునసబుకు చిన్న తగాదాలు తీర్చే హక్కు దక్కడం ఆయన చలవే. నేటికీ జిల్లా అంటే కలెక్టరే గుర్తుకు రావడానికి మూలం అక్కడుంది. 1820లో మద్రాసు గవర్నరయ్యాక రైత్వారీ తిరిగి నిలబడింది, దత్త మండలాలకు తగ్గింపూ దక్కింది. కానీ పాఠకులారా, 1807లో అడిగినది చేతికందేసరికి పదమూడేళ్ళు! గుత్తదార్ల కింద ఆ పదమూడేళ్ళలో చేను వదిలి వలసపోయినవారికి ఆ తగ్గింపు ఏ మేలు చేసింది?

గవర్నరుగా ఆయన బడుల లెక్క తీయించగా మద్రాసు రాష్ట్రంలో 12,498 పాఠశాలలు తేలాయి. ఈ దేశస్థులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలనీ, ఏనాటికైనా వారు తమను తాము పాలించుకునే స్థితికి రావాలనీ 1824 డిసెంబరులో రాశాడు. ఆ రోజుల్లో ఒక గవర్నరు అంత మాట రాయడం చిన్న విషయం కాదు.

ఆయన వేసిన చట్రం మాత్రం ఆయన కంటే చాలా ఎక్కువ కాలం బతికింది. 1876-78 కరువులో ఈ పీఠభూమి ఎముకల గూడయినప్పుడూ అదే దస్తరం, అదే కిస్తు. స్వతంత్రం వచ్చాక 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దు చేసి ఆ భూములను మార్చింది రైత్వారీలోకే. కరణం, మునసబుల వంశపారంపర్య పదవులు 1984లో పోయాయి. కొత్త దేశం పాత దొర గీసిన గళ్ళలోనే తన రైతు పేరు రాసుకుంది.

1827లో పదవి దిగిపోయే ముందు, భార్య అప్పటికే ఇంగ్లండు చేరగా, దత్త మండలాలను ఒకసారి చూసి పోదామని మన్రో బయలుదేరాడు. దారిలో పరివారానికి కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో ఆయన దాని పాలబడ్డాడు. ఉదయం జబ్బు, రాత్రికి మరణం. వయసు 66. పత్తికొండలో ఆయన పేర బావి తవ్వించి చెట్లు నాటించారు, గుత్తిలో సత్రం కట్టించారు. మద్రాసులో 1839లో గుర్రమెక్కిన విగ్రహం నిలిపారు. శిల్పి ఆ గుర్రానికి జీను, రికాబులు పెట్టకపోవడం గురించి నేటికీ జనం వింతగా చెప్పుకుంటారు. మంత్రాలయం భక్తులు చెప్పే కథల్లోనూ ఆయన ఉన్నాడు.

కంచు విగ్రహం కంటే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది మరొకటి. శిస్తు కట్టలేక సతమతమైన ఆ పల్లెల్లోనే కొందరు తమ కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.