పదకొండుమంది బిడ్డలను పోగొట్టుకున్న తల్లి



మీ కుటుంబంలోనో మీ సంఘంలోనో ఎవరైనా చదువు కోసం జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి ఉంటే, అక్కడ ఆన్నెన్‌కిర్షె అనే ఆలయాన్ని చూశారేమో అడగండి. అన్నా ఆలయం అని ఆ పేరుకు అర్థం. 1578లో ప్రతిష్ఠించిన ఆ మందిరం 1760లో యుద్ధంలో కూలిపోయినా మళ్లీ కట్టుకున్నారు, పేరు మాత్రం మార్చలేదు. ఆ అన్నా సాక్సనీ దేశపు ఏలికసాని. అయినా ప్రజలు ఆమెను తల్లి అన్నా అనే పిలిచేవారు.

ఆమె 1532 నవంబరు 22న డెన్మార్క్ రాకుమారిగా పుట్టింది. తండ్రి మూడవ క్రిస్టియన్ రాజు తన దేశంలో లూథరన్ సంస్కరణను నెలకొల్పినవాడు. 1706లో తరంగంబాడి చేరిన జీగెన్‌బాల్గ్ మిషనరీని పంపిన రాజు కూడా ఆ వంశంవాడే. కాబట్టి ఆమె మనకు పూర్తిగా పరాయిది కాదు. 1548లో, పదహారేళ్లు నిండకముందే, టోర్గౌ పట్టణంలో ఆగస్టుతో ఆమెకు వివాహమైంది. 1553లో అన్న చనిపోవడంతో ఆగస్టు సాక్సనీకి ఏలిక అయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అన్నా పదిహేనుమంది బిడ్డలను కన్నది. వారిలో పదకొండుమంది చిన్నతనంలోనే చనిపోయారు. రాజ్యానికి వారసుడు కావలసిన అలెగ్జాండర్‌కు పదకొండేళ్లు వచ్చాయి, ఇక గండం గడిచిందనుకునే వయసు. 1565లో అతడూ వెళ్లిపోయాడు. కోట ఉంది, ధనం ఉంది, ఆస్థాన వైద్యులు ఉన్నారు. అవేవీ ఆ తొట్టెలను కాపాడలేకపోయాయి. పెరిగి పెద్దయినవారు నలుగురే: ఎలిజబెత్, క్రిస్టియన్, డొరొతియా, తల్లి పేరే పెట్టుకున్న అన్నా.

ఇంత దుఃఖంలో ఆ తల్లి ఏం చేసింది? మూలికల పని పట్టుకుంది. వైద్యంలో పేరున్న మాన్స్‌ఫెల్డ్ జమీందారిణి డొరొతియా దగ్గర ఎన్నో సంగతులు నేర్చుకుంది. ఆకులు, వేళ్లు, పూలు సేకరించి, బట్టీ పెట్టి, తన చేతులతో అర్కాలు దించేది. తన పేరున్న అన్నాబుర్గ్ కోటలో దానికోసం ఒక పెద్ద భవనమే కట్టించింది. ఆ మందులు రాజకుటుంబాలకే కాక పేదలకూ అందేవి. 1581లో డ్రెస్డెన్ ఆస్థాన మందులశాల ఏర్పడడం వెనుక ఉన్నదీ ఆమె శ్రద్ధే. తోటలు, పాడి పశువులు, వెన్న, జున్ను, అన్నిటి లెక్కా తానే చూసుకునేది. రోగుల గురించి, కాన్పుల గురించి, ఇంటి పనుల గురించి ఆమె రాసినవీ ఆమెకు వచ్చినవీ వేల ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. తన బిడ్డలను కాపాడుకోలేని చేతులు ఇతరుల బిడ్డల కోసం పనిచేశాయి.

అయితే ప్రియులారా, ఆమెలోని మరో సంగతి దాచిపెడితే ఈ సాక్ష్యం సగమే అవుతుంది. 1574లో ప్రభురాత్రి భోజనం గురించిన బోధలో భేదం వచ్చింది. రహస్యంగా కాల్విన్ బోధను అనుసరిస్తున్నారంటూ కొందరు పండితులను ఆగస్టు చెరసాలలో వేయించాడు. వారిపట్ల కఠినంగా ఉండమని భర్తను ప్రోత్సహించినవారిలో అన్నా కూడా ఉంది. వారిలో ఒకడైన వైద్యుడు కాస్పర్ పొయ్‌సర్ దాదాపు పన్నెండేళ్లు చెరలో మగ్గాడు. ఆయన భార్య మాగ్దలేనా, సంస్కర్త మెలాంక్తన్ కుమార్తె, భర్త చెరలో ఉండగానే కన్నుమూసింది. ఆమె కూడా బిడ్డల తల్లే. అందరి బిడ్డలకూ మందు పంపిన అన్నా ఆ ఇంటి కన్నీళ్లను చూడలేకపోయింది. విశ్వాసంలో పట్టుదల మంచిదే, కానీ దానిలోనుంచి కనికరం తొలగిపోతే ఎంత మంచి తల్లి అయినా తప్పిపోతుంది.

అదే భేదం ఆమె ఇంట్లోకీ వచ్చింది. పెద్ద కుమార్తె ఎలిజబెత్‌ను 1570లోనే కాల్విన్ బోధను నమ్మే రాకుమారునికి ఇచ్చారు. ఆ కాపురంలో సుఖం లేదు. అయినా ఆ కుమార్తె తల్లి దగ్గర నేర్చుకున్న విశ్వాసాన్ని విడిచిపెట్టలేదు.

1585 అక్టోబరు 1న అన్నా డ్రెస్డెన్‌లో నిద్రించింది. ఫ్రైబెర్గ్ ప్రధాన ఆలయంలో ఆమెను సమాధి చేశారు. నాలుగు నెలలకే ఆగస్టు కూడా మరణించాడు. ఆ రోజుల్లోనే పొయ్‌సర్‌కు విడుదల కలిగింది.

ఈ మాటలు చదువుతున్న అమ్మా, నీవు ఒక బిడ్డను పోగొట్టుకున్నదానివా? నీ దుఃఖం చిన్నదని ఎవరూ అనరు. కానీ నీ చేతులు ఇంకా ఖాళీగా లేవు. నీ వీధిలో నీ ఆదరణ కోసం చూసే మరో తల్లి ఉంది. ఆమె మీ సంఘానిది కాకపోవచ్చు, మీలా ప్రార్థించకపోవచ్చు. ఆమె తలుపు కూడా తట్టు. అన్నా చేసిన మంచిని మనమూ చేద్దాం, ఆమె తట్టని తలుపును మనం తడదాం. అట్టి హృదయం ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.