స్కోపు గీతల వెనక లెక్క: భూమిని కోణంతో కొలిచిన అల్‌బీరూనీ

ఇంట్లో పిల్లలు ఫోన్‌లో గన్ గేమ్ ఆడుతుంటే ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? స్కోప్ తెరవగానే గుండ్రటి అద్దంలో ఒక ప్లస్ గుర్తు, దాని మీద వరుసగా చిన్న చిన్న గీతలు కనిపిస్తాయి. నిజమైన రైఫిల్ స్కోపులోనూ అంతే. ఆ గీతల్ని రెటికిల్ అంటారు. గురి పెట్టడానికే అవి ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అదొక స్కేలు. మన స్కూలు స్కేలు సెంటీమీటర్లు కొలుస్తుంది, ఇది కోణాన్ని కొలుస్తుంది. చిన్న కోణం తెలిస్తే చాలు, కాలు కదపకుండా ఎంతో దూరాన్ని లెక్క కట్టొచ్చు.

వెయ్యేళ్ల కింద ఒక ముస్లిం పండితుడు ఇలాంటి లెక్కతోనే ఏకంగా భూమిని కొలిచారు. అప్పటికి దుర్భిణి కూడా లేదు. ఆయనే అబూ రైహాన్ అల్‌బీరూనీ.

కాత్ నుంచి గజ్నీ దాకా

బీరూనీ హిజ్రీ 362లో, అంటే 973లో, ఖ్వారిజ్మ్ రాజ్యంలోని కాత్ పట్టణంలో పుట్టారు. ఇప్పుడది ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఆ ఊరికి ఇవాళ ఆయన పేరే పెట్టారు. రాజకుటుంబానికి చెందిన గణిత పండితుడు అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు ఉస్తాద్. 17 ఏళ్ల వయసుకే సూర్యుడి ఎత్తును కొలిచి తన ఊరి అక్షాంశం కనుక్కున్నారు.

చదువు ఇలా సాగుతుండగానే 995లో రాజ్యంలో యుద్ధం వచ్చింది. ఆదరించిన రాజవంశం కూలిపోయింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. అయినా కొలతలు మాత్రం ఆపలేదు. 997లో చంద్రగ్రహణం వచ్చినప్పుడు బగ్దాద్‌లో ఉన్న అబుల్ వఫాతో ముందే మాట్లాడుకుని, ఇద్దరూ రెండు చోట్ల నుంచి ఒకే గ్రహణాన్ని చూశారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో పడుతుంది కాబట్టి, రెండు ఊళ్ల టైముల్లో తేడాను బట్టి వాటి రేఖాంశాల తేడా తెలిసిపోయింది.

1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను గెలిచాడు. అక్కడి పండితులతో పాటు బీరూనీని కూడా గజ్నీకి తీసుకెళ్లారు. ఆయన కోరుకుని వెళ్లిన చోటు కాదది. మరుసటి ఏడాది కాబూల్ దగ్గర ఒక పల్లెలో ఉన్నారు. చేతిలో ఒక్క పరికరం లేదు. ఏం చేశారంటే, లెక్కలు రాసుకునే పలక వెనక్కి తిప్పి, దాని మీద వృత్తంలో కొంత భాగం గీసి, దారానికి బరువు కట్టి వేలాడదీశారు. దాంతోనే సూర్యుడి ఎత్తు కొలిచారు. కోణాల గీతలున్న స్కేలును సొంతంగా తయారు చేసుకున్నారన్నమాట.

ఆ గీతల లెక్క ఏంటి?

నందనా కొండ కథ అర్థం కావాలంటే ముందు ఈ లెక్క తెలియాలి. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నిమిషం. గడియారం నిమిషం కాదు, కోణ నిమిషం. 100 మీటర్ల దూరంలో ఒక నిమిషం దాదాపు 2.9 సెంటీమీటర్లకు సమానం. కొన్ని స్కోపుల గీతలు ఈ లెక్కలో ఉంటాయి. ఇంకొన్నింటిలో మిల్ అనే కొలత ఉంటుంది. 100 మీటర్ల దగ్గర ఒక మిల్ అంటే 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు. ఒక మిల్‌లో సుమారు 3.44 నిమిషాలు ఉంటాయి.

దూరంగా ఉన్న ఒక తలుపు ఎత్తు 2 మీటర్లని మనకు ముందే తెలుసనుకుందాం. స్కోపులో అది 4 మిల్‌ల మేర కనిపిస్తే, 2ను 1000తో గుణించి 4తో భాగించాలి. దూరం 500 మీటర్లు. అయితే తలుపు ఎత్తు తప్పుగా అనుకుంటే దూరమూ తప్పే. రెటికిల్ చెప్పేది సగం జవాబే, మిగతా సగం మనం సరిగ్గా తెలుసుకుని ఉండాలి.

ఇంకో చిక్కుంది. కొన్ని స్కోపుల్లో జూమ్ మార్చినా గీతలు మారవు, బొమ్మ మాత్రమే పెద్దదో చిన్నదో అవుతుంది. అలాంటి వాటిలో గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం. జూమ్‌ను అందులో సగానికి తగ్గిస్తే, ఒక మిల్ అని చూపే ఖాళీ రెండు మిల్‌లు అవుతుంది. అందుకే తెలిసినవాళ్లు కంపెనీ కాగితాన్ని నమ్మి ఊరుకోరు. సరిగ్గా 100 మీటర్ల దగ్గర ఒక మీటరు బద్ద నిలబెట్టి, అది 10 మిల్‌లు నిండిందో లేదో చూసుకుంటారు.

34 నిమిషాలు

బీరూనీ సుల్తాన్ సైన్యం వెంట హిందుస్తాన్ వైపు వచ్చినప్పుడు నందనా కోటలో ఉన్నారు. అదిప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. కోట పక్కన ఎత్తైన కొండ, కింద కనుచూపు మేర చదునైన మైదానం. ఖలీఫా మామూన్ కాలపు పండితులు ఎడారిలో నడిచి భూమిని కొలిచిన సంగతి ఆయనకు తెలుసు. అయినా తానే సరిచూసుకోవాలనుకున్నారు.

ముందు కొండ ఎత్తు. మైదానంలో రెండు చోట్ల నుంచి శిఖరాన్ని చూసి, రెండు కోణాలనూ వాటి మధ్య దూరాన్నీ కొలిచారు. ఎత్తు 652 మూరలని తేలింది. తర్వాత కొండెక్కారు. ఎత్తు నుంచి చూస్తే నేలా ఆకాశం కలిసే గీత కంటి మట్టం కన్నా కొంచెం కిందికి కనిపిస్తుంది. భూమి ఎంత పెద్దదైతే ఆ వంపు అంత తక్కువ. ఆయన కొలిచిన వంపు 34 నిమిషాలు. నేటి మిల్ లెక్కలో దాదాపు 10. అంటే 100 మీటర్ల దూరంలో నిలబెట్టిన ఆ మీటరు బద్దంత! అంత చిన్న కోణాన్ని ఉత్త కంటితో పట్టుకున్నారు.

ఎత్తు, కోణం రెండూ తెలిశాక భూమి వ్యాసార్ధం సుమారు 1 కోటి 28 లక్షల మూరలని లెక్క తేల్చారు. ఆ మూర పొడవు ఎంతన్న దాన్ని బట్టి కిలోమీటర్ల లెక్క కొంత మారుతుంది కానీ, నేటి విలువ 6371 కిలోమీటర్లకు అది బాగా దగ్గరగా వస్తుందని చాలామంది పండితులు చెబుతారు. కోణంలో ఒక్క నిమిషం తేడా వచ్చినా జవాబు సుమారు 6 శాతం మారిపోతుంది.

1025లో పూర్తి చేసిన తహ్‌దీద్ అనే గ్రంథంలో ఇదంతా రాశారు. ఊళ్ల స్థానాలు సరిగ్గా తేల్చడం, గజ్నీ నుంచి ఖిబ్లా దిశ కనుక్కోవడం ఆ పుస్తకం పని. నమాజుకు ఎటు తిరగాలన్న ప్రశ్న కూడా ఆయనకు కోణం లెక్కే.

మనుషుల్నీ అలాగే

బీరూనీ మనుషుల విషయంలోనూ విన్నమాటను నమ్మి రాయలేదు. సంస్కృతం నేర్చుకున్నారు, పండితుల దగ్గర కూర్చున్నారు, గ్రంథాలు చదివారు. ఆ తర్వాతే 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రాశారు. హిందువుల నమ్మకాలను వాళ్లే చెప్పినట్టు చెప్పారు. తన సుల్తాన్ దాడుల వల్ల ఈ దేశం ఎంత నష్టపోయిందో కూడా దాచలేదు. గజ్నీ దర్బారు నీడలో ఉంటూ అలా రాయడానికి గుండె కావాలి.

మహమూద్ కొడుకు మసూద్ పేరిట ఖానూన్ అల్ మసూదీ రాసినప్పుడు, సుల్తాన్ ఏనుగు మోయగలిగినంత వెండి పంపాడని, బీరూనీ దాన్ని తిప్పి పంపారని చెబుతారు. వరంగల్, విజయవాడ పాఠకులకు ఒక మాట. ఆ ఖానూన్ అరబీ ప్రతిని 1950లలో అచ్చువేసింది మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫే. కితాబుల్ హింద్‌ను కూడా 1958లో అక్కడే అచ్చు వేశారు.

చివరి రోజు గురించి పాత జీవిత చరిత్రల్లో ఒక సంఘటన ఉంది. ప్రాణం పోయే స్థితిలో ఉన్న ఆయన్ని చూడటానికి ఒక ఆలిమ్ వచ్చారు. బీరూనీ ఆయన్ని తల్లి తరఫు నానమ్మల విరాసత్ గురించి ఒక మసలా అడిగారు. ఈ హాలతులో ఎందుకని ఆలిమ్ ఆశ్చర్యపోయారు. తెలియకుండా పోవడం కన్నా తెలుసుకుని పోవడమే మేలని బీరూనీ జవాబిచ్చారు. ఆలిమ్ విడమరిచి చెప్పారు, బీరూనీ తిరిగి అప్పజెప్పారు. ఆలిమ్ గుమ్మం దాటి వీధిలోకి వచ్చారో లేదో, ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి. అది 1048 ప్రాంతం, హిజ్రీ 440.

ఈసారి మీ అబ్బాయి ఆ గేమ్ తెరిచినప్పుడు ఫోన్ లాక్కోకండి. ఆ గీతలు ఏం కొలుస్తాయో అడగండి. చెప్పలేకపోతే, ఒక మీటరు బద్ద పట్టుకుని ఇద్దరూ కలిసి మైదానానికి వెళ్లండి.