కదలని కార్ల నడుమ కోడి రామ్మూర్తి

ఆళ్లగడ్డ చుట్టుపక్కల తిరునాళ్లలో బండలాగుడు చూడనివాళ్లు మన హాస్టల్లో ఉండరు. ఎద్దులు కాళ్లు ఊని లాగుతున్నా బండ ఒక్కోసారి అంగుళమైనా కదలదు. కదలలేదు కాబట్టి దాని మీద బలం లేదని మేము పదో తరగతి పరీక్షలో రాశాం. మార్కులు పోయాయి. ఇంట్లో అడిగి చెప్పించుకుందామంటే చదువుకున్నవాళ్లు లేరు. ఆ లెక్క మాకు అర్థమైంది తర్వాతెప్పుడో, కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి చదివినప్పుడు.

ఆయన పుట్టింది ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో, 1880ల తొలినాళ్లలో. విజయనగరంలో చిన్నాన్న ఇంట పెరిగారు. చదువు మీద కంటే కుస్తీ మీదే మనసు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. ఇంత బలశాలి శాకాహారి అంటే మన మెస్సులో ఎవరూ నమ్మరు!

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది కార్ల ప్రదర్శన. రెండు చేతులకూ గొలుసులు కట్టించుకుని రెండు కార్లను చెరోవైపు నడపమనేవారు. కార్లు కదిలేవి కావు, ఆయనా కదిలేవారు కారు. ఒక్కో కారు 2000 న్యూటన్ల బలంతో లాగిందనుకుందాం. ప్రయోగించిన బలాలు రెండు, దిశలు ఎదురెదురు. 2000 లోంచి 2000 తీసేస్తే ఫలిత బలం సున్నా. మనిషి కదలకపోవడానికి కారణం ఆ సున్నా. కానీ ఆయన చేతులు, భుజాలు మోసింది సున్నాను కాదు, పూర్తి 2000 న్యూటన్ల లాగుడును. ఒక కారు 1500తోనే లాగితే మిగిలిన 500ను ఆయన పాదాలు నేలను పట్టుకుని ఘర్షణతో ఆపాలి. వైస్రాయ్ మింటో కారును ఆపారని చెప్పుకునే కథలో ఉన్నది ఒక్క కారే. అక్కడ రెండో కారు పని కూడా పాదాలదే. మా దృష్టిలో అదే ఎక్కువ కష్టం.

ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవారు. ఏనుగు 3 టన్నులనుకుంటే బరువు సుమారు 29,400 న్యూటన్లు. కింద నేల కూడా అంతకు తగ్గకుండా పైకి నెడుతుంది. ఫలిత బలం మళ్లీ సున్నాయే. నలిగేది మాత్రం మధ్యలో ఉన్న మనిషి.

లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులెస్ అనిపించుకున్నారు. చివరి రోజుల్లో కాలికి జబ్బు చేసి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం ఉంది.

మొన్న హాస్టల్ ఆటల్లో సీనియర్లకూ జూనియర్లకూ తాడులాగుడు పెట్టాం. తాడు మధ్యలో కట్టిన ఎర్రగుడ్డ చాలాసేపు గీత మీదే నిలిచిపోయింది. చూసేవాళ్లు ఎవరూ లాగడం లేదని కేకలు వేశారు. అప్పటికే మా అరచేతుల తోలు లేచిపోయి ఉంది.