హనుమాన్ కారు నడిపిన సయాం రాకుమారుడు

1938లో బ్రిటన్ మోటారు పందేల్లో హనుమాన్ అనే పేరుగల కారొకటి పరుగెత్తింది. దాన్ని నడిపినది సయాం, అంటే నేటి థాయిలాండ్, రాజవంశానికి చెందిన బీరా. థాయిలాండ్‌కు రామకియెన్ అనే సొంత రామాయణం ఉంది. ప్రస్తుత చక్రీ వంశపు రాజులను రాముని పేరుకు వరుస సంఖ్య చేర్చి పిలిచే ఆచారమూ అక్కడ ఉంది. ఆ నేపథ్యంలో పుట్టిన బీరా రెండు దశాబ్దాలపాటు ఐరోపా పందేల్లో రాణించారు. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పోటీపడిన తొలి ఆగ్నేయాసియా డ్రైవర్‌గా చరిత్రకెక్కారు.

బీరా 1914 జూలై 15న బ్యాంకాక్‌లో జన్మించారు. నాలుగవ రామునిగా పేరొందిన మోంగ్‌కుట్ మహారాజు ఆయనకు తాత. ఆయన పూర్తి పేరు బీరబొంగ్సె భానుదేజ్. ఆ పేరులోని సంస్కృత మూలాలు వీర, వంశ, భాను, తేజ అన్న మాటలని తెలుగువారు సులువుగానే పోల్చుకోగలరు. ఆంగ్లేయుల నోటికి మాత్రం అది పెద్ద పేరే. పందేల జాబితాల్లో ఆయన బి. బీరాగానే నమోదయ్యారు.

1927లో చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లి ప్రసిద్ధ ఈటన్ పాఠశాలలో చేరారు. విద్యార్థిగా ఉండగానే తండ్రి మరణించడంతో, ఇంగ్లండ్‌లోనే ఉంటున్న దాయాది చూలా చక్రబొంగ్సె ఆయనకు సంరక్షకుడయ్యారు. ఈటన్ చదువు ముగిశాక బీరా మనసు శిల్పకళపైకి మళ్లింది. పేరొందిన శిల్పి చార్లెస్ వీలర్ వద్ద శిష్యరికం చేశారు. ఆ తర్వాత లండన్‌లోని ఒక చిత్రకళాశాలలో చేరారు. కార్ల మీద మోజు మాత్రం ఆయనను వదల్లేదు.

1935లో చిన్న రైలీ కారుతో బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై తొలిసారి పోటీకి దిగారు. అదే ఏడాది ఇరవై ఒకటవ పుట్టినరోజుకు చూలా ఆయనకు ఒక అరుదైన కానుక ఇచ్చారు. అది ఇంగ్లిష్ రేసింగ్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసిన 1,500 సీసీ పందెపు కారు. దానికి రోములస్ అని పేరు పెట్టారు. ఫ్రాన్స్‌లోని దియెప్‌లో దానితో పాల్గొన్న తొలి పందెంలోనే బీరా రెండో స్థానం సాధించారు. తర్వాత అదే సంస్థ కార్లు మరో రెండు వచ్చాయి. వాటిలో ఒకటి రీమస్, రెండోది హనుమాన్.

దాయాదులిద్దరి జట్టు పేరు వైట్ మౌస్, అంటే తెల్ల ఎలుక. డబ్బు సమకూర్చడం, మెకానిక్‌లను ఎంపిక చేయడం, ప్రయాణాలు కుదర్చడం, పందెం సాగుతుండగా సమయాల లెక్క చూడడం చూలా పనులు. బీరా పని కారు నడపడమే. సొంత ఖర్చుతో సాగే జట్లలో ఇంత క్రమశిక్షణ ఆ రోజుల్లో అరుదు. దాని ఫలితం త్వరలోనే కనిపించింది. 1936లో మొనాకోలో చిన్న కార్ల విభాగపు పందెం బీరాదే అయింది. బ్రిటిష్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్ ఇచ్చే గోల్డ్ స్టార్‌ను 1936, 1937, 1938లలో వరుసగా మూడుసార్లు ఆయనే అందుకున్నారు.

సొంత ధనంతో ఎంత దూరం పోవచ్చో అదే కాలం తేల్చింది. పాత డెలాజ్ కార్లను మెరుగుపరచబోయి చూలా చాలా సొమ్ము వెచ్చించినా ఆశించిన ఫలితం రాలేదు. 1937 డోనింగ్టన్ గ్రాండ్ ప్రీలో మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లు మొదటి ఐదు స్థానాలనూ ఆక్రమించాయి. వాటి తర్వాత ఆరో స్థానంలో ముగించినది పాత మసెరాటి నడిపిన బీరా. జర్మన్ కర్మాగారాల బలం ముందు ఒక రాకుమారుడి ఖజానా కూడా చాలలేదు.

యుద్ధం పందేలను ఆపివేసింది. శాంతి నెలకొన్నాక బీరా తిరిగి వచ్చి 1948లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో గెలిచారు. ఆ ఏడాది చివరకే చూలాతో భాగస్వామ్యం ముగిసింది. అప్పటి నుంచి ఆయన ఇతరుల జట్లలోనో, సొంత కారుతోనో పందేలు వెతుక్కోవలసి వచ్చింది. 1950లో సిల్వర్‌స్టోన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైనప్పుడు బరిలో ఉన్నవారిలో బీరా ఒకరు. 1954 వరకు 19 పందేల్లో పాల్గొని 8 పాయింట్లు సాధించారు. 1950 స్విట్జర్లాండ్, 1954 ఫ్రాన్స్ పందేల్లో దక్కిన నాలుగో స్థానాలు ఆయన అత్యుత్తమ ఫలితాలు. రెండోది చేజారిన మూడో స్థానం కూడా. రీమ్స్‌లో ఆఖరి ల్యాప్‌లో ఇంధనం అడుగంటడంతో ఫ్రెంచ్ డ్రైవర్ రాబర్ట్ మాన్‌జాన్ ఆయనను దాటిపోయారు. లెక్కలు చూసే చూలా అప్పటికి పక్కన లేరు.

1955 జనవరిలో న్యూజిలాండ్ గ్రాండ్ ప్రీ గెలిచిన బీరా, అదే ఏడాది పందేల నుంచి తప్పుకున్నారు. ఆటలను మాత్రం విడిచిపెట్టలేదు. తెరచాప పడవల పోటీల్లో థాయిలాండ్ తరఫున 1956, 1960, 1964, 1972 ఒలింపిక్స్‌లలో పాల్గొన్నారు. అంతకుముందు 1952లో తన చిన్న విమానంలో లండన్ నుంచి బ్యాంకాక్‌కు ఎగిరి వచ్చిన సాహసమూ ఆయనదే.

1985 డిసెంబరు 23న లండన్‌లోని బారన్స్ కోర్ట్ భూగర్భ రైల్వే స్టేషన్‌లో గుండెపోటుతో బీరా కుప్పకూలి మరణించారు. ఆయన ఎవరో తెలిపే పత్రాలేవీ దొరకలేదు. జేబులో థాయ్ లిపిలో చేతితో రాసిన ఒక లేఖ మాత్రమే ఉంది. పోలీసులు దాన్ని లండన్ విశ్వవిద్యాలయానికి పంపి చదివించాకే, మరణించినది ఒకప్పటి రేసింగ్ వీరుడని బయటపడింది. బ్రిటన్ ప్రేక్షకులకు రెండు అక్షరాల్లో నోటికి పట్టిన మనిషిని, చివరకు గుర్తించినది ఆయన మాతృభాష.

ఫార్ములా వన్‌లో భారత్ తొలి డ్రైవర్‌ను చూసింది 2005లో, నారాయణ్ కార్తికేయన్‌తో. థాయిలాండ్ రెండో డ్రైవర్ అలెక్స్ ఆల్బన్ 2019లో వచ్చారు. ఆసియాలో ఈ క్రీడకు అండ ఎంత ఆలస్యంగా దొరికిందో ఈ తేదీలే చెబుతాయి. పట్టాయ సమీపంలోని రేసింగ్ ట్రాక్ నేడు బీరా పేరుతోనే ఉంది.