మాట వెనుక మనిషి

డిగ్రీ పూర్తి చేసిన ఒక యువకుడు ఇటీవల మా దగ్గరికి వచ్చాడు. వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగాలు చేస్తూ అదే వృత్తిగా స్థిరపడాలని ఉందన్నాడు. గొంతు బాగుంది, తడుముకోకుండా మాట్లాడతాడు, ఇంగ్లీషు కూడా వచ్చు. పేరు రావడానికి ఎంతకాలం పడుతుందన్నదే అతని సందేహం. రాజోలు కుర్రవాడు కదా అని, సఖినేటిపల్లి రేవుకు అవతలి ఒడ్డునున్న నర్సాపురంలో ఒకప్పుడు జీవించిన వక్త సంగతి అతనికి చెప్పాం. ఆయన పేరు విలియం బౌడెన్.

ఇంగ్లాండులోని డెవన్ ప్రాంతంలో బార్న్‌స్టేపుల్ అనే పట్టణముంది. బౌడెన్ అక్కడ రాళ్ల పని చేసే మేస్త్రీ. దంతవైద్యం వదిలి మిషనరీ అయిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ఇండియాలో సేవ చేసేవారి కోసం వెదుకుతున్నప్పుడు బౌడెన్, ఆయన స్నేహితుడు జార్జి బీర్ తమ భార్యలతో సహా ముందుకొచ్చారు. నెలనెలా జీతం పంపిస్తామని పూచీ పడిన సంస్థ ఏదీ వారి వెనుక లేదు. దేవుడే పోషిస్తాడన్న విశ్వాసమే వారి జీతం.

1836లో వారెక్కిన ఓడలోనే హెర్మన్ గుండర్ట్ అనే జర్మన్ పండితుడు కూడా ఉన్నారు. తర్వాత 1872లో మలయాళ నిఘంటువును వెలువరించింది ఆయనే. ఆ పండితుడు ఓడలోనే తోటి ప్రయాణికులకు భారతీయ భాషలు నేర్పారు. సుత్తి, ఉలి పట్టిన చేతులు అలా పలకాబలపం పట్టాయి. ఉపన్యసించడానికి బయల్దేరిన మనిషి మొదట చేసిన పని మాట్లాడటం కాదు, నేర్చుకోవడం!

అదే ఏడాది మద్రాసులో దిగి, మచిలీపట్నం మీదుగా 1837లో ఆ రెండు కుటుంబాలూ నర్సాపురం చేరాయి. 1833 నాటి కరువు గాయాలు జనాన్ని ఇంకా వీడని రోజులవి. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. సంపూర్ణ తెలుగు బైబిలు అప్పటికింకా అచ్చు కాలేదు. సంతల్లో, తీర్థాల్లో, పల్లె వీధుల్లో బౌడెన్, బీర్ నిలబడి మాట్లాడారు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. చప్పట్లు లేవు, సన్మానాలు లేవు. మనమైతే ఏం చేసేవాళ్లం? ఊరు మార్చేవాళ్లం, లేదా వృత్తే మార్చేవాళ్లం. వారు మాత్రం జనం మధ్యే కాపురముండి, జనం కష్టాలు చూస్తూ, జనం భాషకు దగ్గరయ్యారు.

1847లో సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. వేలాదిమంది కూలీలు అక్కడికి చేరారు. మిషనరీలు ఆ కూలీల దగ్గరికే వెళ్లి సువార్త చెప్పారు. ఎండలో రాళ్లు మోస్తున్న మనిషితో మాట్లాడటానికి, స్వయంగా రాళ్ల పని చేసిన మనిషి కంటే తగినవాడెవరు? తన బతుకులో ఏది తక్కువని లోకం అనుకున్నదో, దేవుడు దాన్నే అర్హతగా మార్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. దాని నీళ్లు కోనసీమ కాలువల్లోకి వచ్చినట్టే, అక్కడ విన్న మాట కూడా కూలీల వెంట పల్లెలకు చేరింది.

1853లో జార్జి బీర్ కన్నుమూశారు. బౌడెన్ మాత్రం ఈ డెల్టాలోనే సేవ కొనసాగించి, 1876లో ప్రభువు సన్నిధికి చేరారు. మొత్తం నలభై ఏళ్లు! ఆ ఇద్దరి పిల్లలు కూడా ఇక్కడే సేవ చేశారు. ఆ సేవ తర్వాత అమలాపురం దాకా విస్తరించింది.

వేదాంత కళాశాలలో ప్రసంగ కళకు మాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ ధీమాతో మేము చేసిన తొలి ప్రసంగం ఒక్కరికీ గుర్తులేదు. కానీ వరదలో ఇల్లు పోయిన ఒక కుటుంబంతో ఆ రాత్రంతా కూర్చున్న సంగతి వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రాత్రి మేము మాట్లాడింది చాలా తక్కువ.

మాట్లాడాలనుకోవడం తప్పు కాదు. నోరు మాంద్యం గలవాడినని వెనుకాడిన మోషేనే దేవుడు ఫరో ముందు నిలబెట్టాడు. అయితే అంతకుముందు నలభై ఏళ్లు ఆయన గొర్రెలు కాశాడు. ఎదుటివారికి ధైర్యం చెప్పే మాట, ధైర్యం అవసరమైన చోట మనం నిలబడ్డాకే పుడుతుంది. వేదిక దొరకడం ఒక్కరోజు పని, ఆ వేదికకు తగిన మనిషి తయారవడం ఏళ్ల పని.

ఆ యువకుడికి మేము మైకు ఇవ్వలేదు. చదువులో వెనుకబడిన పదిమంది పిల్లల్ని అప్పగించాం. మొదటి వారం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మూడో వారం, ఒక పిల్లవాడు బడి మానేశాడని తెలిసి, ఎవరూ చెప్పకుండానే వాళ్ల ఇంటికి వెళ్లొచ్చాడు. అతని ప్రసంగం అక్కడ మొదలైందని మేము నమ్ముతున్నాం.